నన్ను చూసిందా?

సోమవారం పొద్దున మా ఆఫీసు క్యాంటీన్‌లో కాఫీ కప్పుల దగ్గర ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది: ఈసారి ఏం చూశారు? ఎక్కడికి వెళ్లారన్నది ఆ తర్వాతి ప్రశ్న. బెంగళూరులో జనవరి వస్తే చాలు, కొత్త క్యాలెండరు ముందేసుకుని శుక్రవారం నాడో సోమవారం నాడో పడిన సెలవులకు సున్నాలు చుట్టేస్తాం. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన కూర్చున్న ఊరు ఇది. రోడ్డు మీద ఏ వైపు బయల్దేరినా 300 కిలోమీటర్లు దాటితే గాని ఉప్పునీళ్లు కనిపించవు. అందుకని మాకు సముద్రం అంటే రాత్రి రైలెక్కి నిద్రలో చేరుకునే చోటు. పంచగంగ ఎక్స్‌ప్రెస్ సక్లేశ్‌పుర ఘాట్ దిగుతున్నప్పుడు మేం గురక పెడుతుంటాం. తెల్లారి కళ్లు తెరిస్తే కొబ్బరి చెట్లు, భట్కళ, మురుడేశ్వర, హొన్నావర.

నేను చూసినవాటి చిట్టా ఆ క్యాంటీన్‌లో బాగానే చెల్లుతుంది. గోకర్ణలో డాల్ఫిన్లు, విశాఖలో తాబేలు పిల్లలు, నేత్రాణి దీవి దగ్గర నీళ్ల అడుగున ఒక పెద్ద తాబేలు. అయితే ఈ కథల్ని నేను చెప్పే తీరులో ఒక చిన్న మోసం ఉంది. చాలా కాలం అది నాక్కూడా తెలియలేదు. నా కథల్లో జంతువు ఎప్పుడూ తనంతట తనే వస్తుంది. "డాల్ఫిన్ మా పడవ దగ్గరికొచ్చింది" అంటాను. మేం దాని వెంటపడ్డాం అనను. "ఒక్క క్షణం నా వైపు చూసింది" అని కూడా అంటాను. ఆ మాట అన్నప్పుడు వినేవాళ్ల కళ్లు కొంచెం పెద్దవవుతాయి. దానికోసమే అంటానేమో.

గోకర్ణ సంగతి ఉన్నది ఉన్నట్టు చెబితే ఇలా ఉంటుంది. పొద్దున్నే ఓం బీచి నుంచి మోటారు పడవ ఎక్కాం, ఆఫీసు మిత్రులం. తలకింత అని లెక్క. నేను అనంతపురం జిల్లావాణ్ణి కాబట్టి కన్నడం బాగానే వస్తుంది, పడవాయనతో మాటలు నావే. "కనిపిస్తాయా?" అని అడిగాను. "కనిపించకపోతే మీరు ఊరుకుంటారా సార్?" అని నవ్వాడు. కొండముక్కు దాటాక ఇంజను తగ్గించి, నిలబడి నీళ్ల మీదికి చూశాడు. మేమంతా ఫోన్లు పట్టుకుని అతని మొహం వైపు చూస్తున్నాం.

మొదట ఒక బూడిదరంగు వీపు తేలింది. వీపు మధ్యలో మూపురం లాగా ఎత్తు, దాని మీద చిన్న రెక్క. మన పశ్చిమ తీరంలో ఒడ్డుకు దగ్గరగా బతికే మూపురపు డాల్ఫిన్ అది. లోతు నీళ్లకు పోదు. నదీముఖాల దగ్గర చేపలు దండిగా ఉండే చోట తిరుగుతుంది. గోకర్ణకు దక్షిణాన అఘనాశిని నది కలిసే చోటు అలాంటిదే. ఎక్కడా ఆనకట్ట లేకుండా సముద్రంలో కలిసే నది అది. ఆ ముఖద్వారాన్ని 2024లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. ఒడ్డుకు దగ్గరగా ఉండటమే ఈ జీవికి ముప్పు. వలలు, ఓడరేవులు, నగరాల మురుగు, మా పడవలు, అన్నీ ఉండేది అక్కడే. ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదమున్న జాతుల్లో దీన్ని లెక్కేశారు. ఇవన్నీ నేను తర్వాత చదువుకున్నవి. ఆ పొద్దున నాకు తెలిసిందల్లా ఒక్కటే: అదిగో!

"అటు! అటు!" అని అరిచింది నేనే. పడవ తిరిగింది. అది మునిగింది. పడవాయన ఎక్కడ తేలుతుందో అంచనా కట్టి అటు పోనిచ్చాడు. అది మా వెనక తేలింది. ఈలోపు మిగతా పడవలు చూసి వచ్చేశాయి. పెళ్లిలో ఫొటోగ్రాఫర్లు పెళ్లికూతుర్ని చుట్టుముట్టినట్టు నాలుగు వైపులా ఇంజన్లు, చప్పట్లు, ఈలలు. రెండోసారి తేలినప్పుడు పక్కన ఇంకో చిన్న వీపు కనిపించింది. పిల్ల! మా పడవలో ఒక్కసారిగా కేక లేచింది. నేనూ చప్పట్లు కొట్టాను. కొంతసేపటికి అవి ఎక్కడా తేలలేదు. "వెళ్లిపోయినై సార్" అన్నాడు పడవాయన. ఇచ్చిన డబ్బుకు సరిపోయిందని మాలో మేం అనుకున్నాం.

ఇక్కడ పడవాయన మీద తప్పు నెట్టడం చాలా తేలిక. నేను తిరిగిన సర్కిల్లో అందరూ అదే చేస్తారు, "ఆ పడవలవాళ్లకు ఇంగితం లేదండీ" అని. కానీ గోవాలో కొన్నిచోట్ల బోర్డులు ఉంటాయి: డాల్ఫిన్ కనిపించకపోతే డబ్బివ్వక్కర్లేదు. ఆ ఒక్క షరతులో మొత్తం సంగతి ఉంది. డబ్బు ముట్టాలంటే కనిపించాలి, కనిపించాలంటే తరమాలి. ఆ షరతు రాసింది పడవాయన చెయ్యే గాని, రాయించింది మాలాంటివాళ్లం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తీసి చూస్తే, వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడం, పట్టుకోవడం మాత్రమే లేవు. తరమడం కూడా ఉంది. న్యాయస్థానంలో ఈ పడవ షికారు ఆ మాట కిందికి వస్తుందో రాదో లాయర్లు చెప్పాలి. నా మటుకు ఆ వాక్యం చదివాక "షికారు" అనే మాటను నేను ఎంత తేలిగ్గా వాడుతున్నానో కాసేపు ఆలోచించాను.

అమెరికావాళ్లు హవాయి దీవుల దగ్గర 2021లో ఒక నియమం పెట్టారు. అక్కడి స్పిన్నర్ డాల్ఫిన్లు రాత్రంతా లోతు సముద్రంలో వేటాడి, పగలు ఒడ్డు దగ్గరి ప్రశాంతమైన నీళ్లలోకి వచ్చి విశ్రాంతి తీసుకుంటాయి. సరిగ్గా అదే వేళకు పర్యాటకులు వచ్చి వాటితో ఈదుతామంటారు. అందుకని వాటికి 50 గజాల లోపు ఎవరూ వెళ్లకూడదన్నారు, పడవలో గానీ ఈదుతూ గానీ. డాల్ఫిన్ నిద్ర మన నిద్ర కాదు. మెదడులో సగం మేలుకుని ఉంటుంది, ఈదుతూనే ఉంటుంది. అందుకే పైనుంచి చూసేవాడికి అది పడుకుందో ఆడుకుంటోందో తెలియదు. ఆడుకుంటోందని అనుకోవడం మనకు అనుకూలం. దాని మూతి తయారైన తీరే నవ్వుతున్నట్టుంటుంది, చచ్చి ఒడ్డున పడినా అలాగే ఉంటుంది. నేను ఆ నవ్వును నాకోసమే అనుకున్నవాణ్ణి.

తమాషా ఏమిటంటే, డాల్ఫిన్లను బంధించి ఆడించే ప్రదర్శనలంటే నాకు మొదటినుంచీ మంట. 2013 మేలో కేంద్ర పర్యావరణ శాఖ అలాంటి ప్రదర్శనశాలలకు దేశంలో అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలకు చెప్పింది. డాల్ఫిన్ల తెలివి దృష్ట్యా వాటిని మనుషులు కాని వ్యక్తులుగా చూడాలని శాస్త్రవేత్తలు అంటున్న సంగతి కూడా ఆ ఉత్తర్వులో ఉంది. అప్పట్లో ఆ వార్త చదివి గర్వపడ్డాను, నాలుగు చోట్లకు పంపాను. గోకర్ణ పడవలో ఆ వార్త గుర్తుకు రాలేదు. వ్యక్తి అని ఒప్పుకున్నవాణ్ణి చుట్టుముట్టి ఈల వేస్తే ఏమంటామో మనకు తెలుసు.

అసలు నాకేం కావాలి? ఈ ప్రశ్నకు నేను తిప్పి తిప్పి ఇచ్చుకున్న జవాబులు చాలా ఉన్నాయి. ప్రకృతి మీద ప్రేమ, పిల్లలకు చూపించాలని, ఊపిరాడని నగరం నుంచి కాసేపు బయటపడాలని. వాటిలో అబద్ధం లేదు. కానీ వాటి అడుగున ఇంకొకటి ఉంది: ఆ జంతువు నన్ను గుర్తించాలి. అంత పెద్ద సముద్రంలో, ఇంత మందిలో, నన్ను చూసి ఒక్క క్షణం ఆగాలి. దక్షిణాఫ్రికా సముద్రంలో ఒక ఆక్టోపస్ దగ్గరికి ఏడాది పొడవునా ఈదుకుంటూ వెళ్లిన క్రెయిగ్ ఫోస్టర్ మీద తీసిన డాక్యుమెంటరీ 2021లో ఆస్కార్ గెలిచింది. దాన్ని చూస్తూ నేను కన్నీళ్లు పెట్టుకున్నది ఆక్టోపస్ చచ్చిపోయినప్పుడు కాదు. అది చెయ్యి చాచి అతని చేతిని తాకినప్పుడు. ఆ కన్నీళ్లలో అసూయ పాలు ఎంతో లెక్క తేల్చలేను. అతను రోజూ వెళ్లాడు, చలినీళ్లలో, ఏమీ అడక్కుండా. నేను శనివారం వెళ్లి ఆదివారానికి అదే కావాలంటున్నాను.

మెక్సికోలో శాన్ ఇగ్నాసియో అనే ఉప్పునీటి కయ్య ఉంది. చలికాలంలో బూడిద తిమింగిలాలు పిల్లల్ని కనడానికి అక్కడికి వస్తాయి. 1800ల నడుమ తిమింగిలాల వేటగాళ్లు అలాంటి కయ్యల్లో దూరి తల్లుల్ని చంపారు. పిల్లల్ని కాపాడుకోవడానికి తల్లులు పడవల్ని తోకతో బద్దలు కొట్టేవి. అందుకని వాటికి దయ్యపు చేపలని పేరుపెట్టారు. 1972లో పచీకో మయొరాల్ అనే జాలరి వేటకు వెళ్లినప్పుడు ఒక తిమింగిలం అతని చిన్న పడవ పక్కకు వచ్చి నిలబడింది. భయపడుతూనే చెయ్యి పెట్టాడు. అది పోలేదు. ఇప్పటికీ అక్కడ కొన్ని తిమింగిలాలు వాటంతట అవే పడవల దగ్గరికి వచ్చి తాకనిస్తాయి. ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలియదు. వచ్చే పడవలకు లెక్క ఉంది, అవి వెంటపడకూడదు. నేను ఈ కథను చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నాలో నేను ఆ జాలరి స్థానంలో కూర్చున్నాను. అతను ఆ రోజు చేపల కోసం వెళ్లాడని, తిమింగిలం కోసం కాదని, ఆ భాగాన్ని త్వరగా దాటేసేవాణ్ణి.

విశాఖ మా ఆవిడ పుట్టిల్లు. చలికాలం చివర్లో అక్కడి తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడిశాలో గహీర్మథ, రుషికుల్య దగ్గర వచ్చినట్టు లక్షల్లో కాదు, ఒకటీ అరా. రాత్రి ఇసుకలో గొయ్యి తీసి వంద పైచిలుకు గుడ్లు పెట్టి, కప్పెట్టి, తెల్లారేలోపు వెళ్లిపోతాయి. కుక్కలు తవ్వుకు తినకుండా అటవీ శాఖ మనుషులు ఆ గుడ్లను తెచ్చి వల కంచె వేసిన చోట మళ్లీ పాతిపెడతారు. ఇసుక వెచ్చదనాన్ని బట్టి పుట్టేది ఆడో మగో తేలుతుంది. వేడెక్కువైతే ఆడవి. నెలన్నర దాటాక పిల్లలు ఇసుక చీల్చుకుని పైకొస్తాయి. వాటిని నీళ్లలో వదలరు. నీటికి కాస్త దూరంలో ఇసుక మీద పెడతారు, వాటంతట అవి పాక్కుంటూ పోవాలి. పెద్దయ్యాక ఆడవి గుడ్లు పెట్టడానికి పుట్టిన తీరం వైపే తిరిగి వస్తాయి.

మా బావమరిది తెల్లవారుజామున లేపి తీసుకెళ్లాడు. "బావా, ఫ్లాష్ కొట్టకు, అవి వెలుతురును బట్టి దారి చూసుకుంటాయి" అని ముందే చెప్పాడు. బీచి రోడ్డు దీపాలున్న ఊళ్లో ఇది మాటవరసకు చెప్పేది కాదు. సముద్రం వైపు కాక ఊరి వైపు నడిచి ఎండకు చచ్చిపోయే పిల్లలు ఉంటాయి. నేను ఫ్లాష్ కొట్టలేదు. కానీ వరుసలో అన్నిటికంటే వెనకబడ్డ ఒకదాన్ని ఎంచుకున్నాను. దాన్ని నాది అనుకున్నాను. అలవాటుగా పేరు కూడా పెట్టేశాను, అదిక్కడ చెప్పను. అల వచ్చి రెండుసార్లు వెనక్కి నెట్టింది. నాకు గుండె దడ. మూడో అలకు కనిపించకుండా పోయింది. కంచెకు కాపలా ఉండే పెద్దాయన పక్కనే నిలబడి ఉన్నాడు. జాలరిపేట మనిషి. "నా దాన్ని గుర్తుపడతానా ఎప్పుడైనా?" అన్నాను, నవ్వులాటకే అన్నట్టు. ఆయన నవ్వలేదు. "ఆటి దారి ఆటిది బాబూ. నువ్వు నిలబడ్డావని ఆటికేం తెలుస్తాది" అన్నాడు. అని, కంచె తలుపు తాడు కట్టుకోవడానికి వెళ్లిపోయాడు.

ఆ దారి ఎంత పొడుగో తర్వాత ఒక వార్తలో చదివాను. 2021లో గహీర్మథలో రెక్కకు ట్యాగు కట్టిన ఒక ఆడ తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలో గుహాగర్ ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టింది. సముద్రంలో దాదాపు 3,500 కిలోమీటర్ల దూరం, శ్రీలంకను చుట్టుకుని వచ్చి ఉంటుందని అంచనా. అంటే మన తూర్పు తీరం, గోకర్ణ తీరం దానికి ఒకే దారిలో రెండు మజిలీలు అయ్యుండొచ్చు. ఒక వైపు నేను పేర్లు పెడుతున్నాను, ఇంకో వైపు ఈలలు వేస్తున్నాను, అది నడుమ పోతోంది.

విశాఖలో అదే పొద్దున మేం ఇసుక మీద వెనక్కి నడుస్తుంటే ఒక పెద్ద తాబేలు చచ్చిపడి ఉంది. మెడ వాచి, కళ్లు పోయి. తాబేలు ఊపిరికి పైకి రావాలి. ట్రాలర్ వలలో ఇరుక్కుంటే నీళ్లలోనే ఊపిరాడక పోతుంది. 2025 జనవరిలో చెన్నై తీరంలో ఇలా వెయ్యికి పైగా కొట్టుకొచ్చాయి. వలలో ఇనుప ఊచల చట్రం అమర్చితే రొయ్యలు లోపలికి పోతాయి, తాబేలు పై కంత నుంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు దాన్ని ఎప్పుడో తయారు చేసింది. పట్టులో కొంత జారిపోతుందని బోటువాళ్ల బాధ, వాళ్ల డీజిలు లెక్క వాళ్లది. ఆ చట్రాలు లేవన్న కారణంతో 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతి ఆపేసింది.

చచ్చిన తాబేలును నేను ఫొటో తీయలేదు. మర్యాద కోసమని మా ఆవిడతో అన్నాను. నిజానికి సోమవారం క్యాంటీన్‌లో దానికి చోటు లేదు. అది నా వైపు చూసే వీలు లేనిది, దాంతో నాకు పని లేదు. మధ్యాహ్నం అత్తగారింట్లో రొయ్యల వేపుడు. ఇవి చెరువు రొయ్యలే అయ్యుంటాయి, మనవైపు పెంచేవి ఎక్కువ అవేగా అని నాకు నేను చెప్పుకున్నాను. ఎక్కడ కొన్నారని అడగలేదు. అడిగితే తినడం ఆపాల్సి వస్తుందేమోనని అడగలేదు. రెండోసారి వడ్డించుకున్నాను. నా జంతుప్రేమ గురించి ఎవరైనా వ్యాసం రాయాలంటే డాల్ఫిన్ల దగ్గర కాదు, ఈ కంచం దగ్గర మొదలుపెట్టాలి.

నేత్రాణి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, అదే దాని విశేషం. మురుడేశ్వర నుంచి పడవలో పోతే చిన్న రాతి దీవి. స్కూబా నేర్పేవాళ్లు సిలిండరు కట్టి, చెవుల్లో ఒత్తిడి ఎలా వదలాలో చూపించి, పక్కనే పట్టుకుని దించుతారు. మొదటి నిమిషాలు నాకు భయం తప్ప ఇంకేమీ లేదు. నోటితో ఊపిరి పీల్చడం ఒక్కటే లోకం. ఆ తర్వాత శిక్షకుడు వేలు చూపించాడు. రాతి పక్కన హాక్స్‌బిల్ తాబేలు, ముక్కు గద్ద ముక్కులా కిందికి వంగినది, స్పంజిని కొరుక్కు తింటోంది. నాకు చెయ్యంత దూరం. కదల్లేదు. నన్ను చూసి బెదరనూ లేదు, ఆగనూ లేదు. తింది, తల తిప్పింది, ఇంకో చోట తింది, మెల్లగా రెక్కలాడిస్తూ పక్క రాతికి పోయింది. దాని కన్ను నా మీదుగా వెళ్లింది. రాతి మీదుగా ఎలా వెళ్లిందో అలాగే.

అప్పుడు నాకు కలిగింది ప్రశాంతత అని చెబితే బాగుంటుంది. అలా చెప్పాలనే ఉంది. కానీ నాకు కలిగింది చిన్నతనం. ఇంత డబ్బు పెట్టి, ఇంత భయాన్ని మింగి దిగితే పట్టించుకోలేదే అని. తర్వాత వాళ్లు వీడియో పంపారు, దానికి వేరే డబ్బు. అందులో తాబేలు కొన్ని క్షణాలే ఉంది, మిగతాదంతా నా కళ్లద్దాలు, నా బుడగలు. మధ్యలో ఒక చోట నేను తాబేలుకు చెయ్యి ఊపుతున్నాను. ఊపినట్టు నాకు గుర్తే లేదు. మా అమ్మకు చూపిస్తే "తాబేలును చూడ్డానికింత దుడ్డు పెట్టినావా? మన చెరువులో లేవా?" అంది. తర్వాత ఇంకోసారి చూసి, "అది నిన్ను చూళ్లేదు కదరా" అంది. మా అమ్మ దగ్గర ఏదీ దాగదు.

ఇదంతా రాస్తున్నప్పుడు కూడా నాకు ఒక అనుమానం పోవడం లేదు. డాల్ఫిన్ చూడలేదు, తాబేలు చూడలేదు, ఇక పాఠకులైనా చూడాలని, ఎంత నిజాయితీ గల మనిషో అనుకోవాలని ఈ పని పెట్టుకున్నానా? కావచ్చు. ఆ ఆశ పూర్తిగా పోయాక రాయాలంటే ఎప్పటికీ రాయలేను.

మళ్లీ వెళతానా అంటే వెళతాను. గోకర్ణ పడవాయన నంబరు ఉంది, మొన్న ఫోన్ చేశాను. తెల్లారకముందే బయల్దేరి, కొండముక్కు అవతల ఇంజను ఆపేసి, ఊరికే కూర్చుందాం, అవి వస్తే వస్తాయి లేకపోతే లేదు, కుదురుతుందా అన్నాను. కాసేపు ఆలోచించాడు. "కూర్చుంటే ఆ పొద్దుకు ఇంకో ట్రిప్పు పోతుంది సార్. రెండు ట్రిప్పుల డబ్బు ఇవ్వాలి" అన్నాడు. న్యాయమే. తలా కొంత పడుతుందని ఆఫీసులో మిత్రుల్ని అడిగాను. అందరూ ఒకే మాట అడిగారు, ఏమీ కనిపించకపోతే? జవాబు నా దగ్గర ఉందనే అనుకున్నాను. నోరు తెరిచాక తెలిసింది, ఆ ప్రశ్న నాది కూడానని. కనుక్కుని చెబుతానన్నాను. అడ్వాన్సు ఇంకా పంపలేదు.